వేరు పట్టని జాజి

ఇది జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. ఇంకొకరికి చెప్పి రాయించుకునే సంగతి కాదు కనుక ఇన్నేళ్లు నాలోనే ఉండిపోయింది.

నా భర్త సినిమా సెట్లు కట్టే వడ్రంగి. ఒక షూటింగ్ అయ్యాక పారేసిన కుండీలోంచి జాజి తీగ తెచ్చి, ఫిల్మ్ నగర్ బస్తీలో మా గుమ్మం పక్కన నాటాడు. దాని మొగ్గ వెనక ఎర్రజీర ఉండేది. ఆయన జబ్బుచేసి పోయిన ఏడాదే మురుగునీటి మోరీ కోసం గల్లీ తవ్వి, తీగ వేళ్లు నరికేశారు. కొమ్మలు తుంచి నాటాను, ఒక్కటీ బతకలేదు. చివరికి పాత తీగ మీద ఒక్క కొస పచ్చగా మిగిలింది.

అప్పుడు నేను జూబ్లీహిల్స్‌లో, గాజు సీసాల్లో మొక్కలు పెంచే ల్యాబులో సీసాలు కడిగేదాన్ని. ఆ కొస తీసుకెళ్లి, ల్యాబు నడిపే మేడమ్ చేతిలో పెట్టాను. ఆవిడ కాదనకుండా దాన్ని ఒక సీసాలో పెట్టారు.

నాతో సీసాలు కడిగే ఆమె ఆటపట్టించేది.

"ఏందక్కా, మొగున్ని సీసాల పెట్టినవా? మూత గట్టిగ పెట్టు, ఉరుకుతడు."

"ఉన్నప్పుడే ఉరకలే, ఇప్పుడేడికి ఉరుకుతడే?"

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆకులు వచ్చాయి. వేరు రాలేదు. సీసాలో మట్టికి బదులు పోసే జెల్లీని మేడమ్ ఎన్నోసార్లు మార్చి చూశారు.

"వేరు కోసం మనం హార్మోన్ వేస్తున్నామా, దీని ఒంట్లోని ఎంజైములు దాన్ని విరగ్గొట్టేస్తున్నాయమ్మా. వేరు పుట్టేదాకా ఉంచట్లేదు."

"ఎంజైమంటే ఏంది మేడమ్?"

"మన కడుపులో అన్నం అరిగించేవి ఉంటాయి చూడు, అలాంటివే."

"జర ఎక్కువెయ్యరాదా?"

"వేశాను. మొదలు దగ్గర గడ్డ కట్టింది, అంతే."

మందు ఆయన ఒంటికి పట్టట్లేదని ఆస్పత్రిలో డాక్టరు గారు కూడా ఇలాగే నిదానంగా చెప్పారు. అప్పుడు కూడా నేను జర ఎక్కువ ఇయ్యమనే అడిగాను.

కొన్నాళ్లకు మొదలంతా నల్లబడింది.

"ఇక రాదమ్మా. తీసేయమంటావా?" అన్నారు మేడమ్ ఒక సాయంత్రం.

"రేపు నేనే తీస్త మేడమ్."

మర్నాడు పొద్దున అన్నిటికంటే ముందు ఆ సీసా మూత తీశాను. జెల్లీ కడిగేసి, నల్లబడ్డ మొదలు గిల్లేసి, రెండాకుల ఆ కొసను కొప్పులో పెట్టుకున్నాను. ఆయన పోయాక తలలో ఏదీ పెట్టుకోలేదు నేను. పక్కనున్నామె చూసింది. సీసా కడిగి బోర్లించి, ఇంకోటి అందుకున్నాను.