జె, యు, వై ఉన్న మాటలు

మా ముత్తాతగారు సంస్థానంలో దివాను. తాతగారు జిల్లా బోర్డుకు రెండుసార్లు అధ్యక్షులు. కలెక్టరు మా వైపు వస్తే బస మా మేడలోనే. నాన్నగారు గౌరవ మేజిస్ట్రేటుగా పదకొండేళ్ళు తీర్పులు రాశారు, అన్నీ ఇంగ్లీషులోనే. నేను ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో అప్పర్ డివిజన్ క్లర్కుని. డెబ్బైల చివర్లో ఆర్.కె.పురంలో రెండు గదుల ప్రభుత్వ క్వార్టరు మాది. ఆ బ్లాకులో మా వంశం సంగతి ఎవరికీ తెలియదు. చెప్పుకోవడం నాకు చేతకాదు. తెలియకపోవడం మాత్రం గుచ్చుతూనే ఉండేది.

చలికాలం ఆదివారాల్లో క్వార్టర్ల మధ్య పచ్చికలో మోఢాలు, అంటే రెల్లు పీటలు, వేసుకుని అందరం ఎండ కాగేవాళ్ళం. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఇంగ్లీషు మాటల ఆట ఆడేవాళ్ళం. నడిపేది రిటైరైన పంజాబీ హెడ్మాస్టరు. అక్షరాల చీటీలు తన ఉన్ని టోపీలో వేసి మూడు తీసేవాడు. ఆ మూడూ ఉన్న మాటలు, అవి ఏ వరసలో వచ్చినా సరే, పది నిమిషాల్లో రాయాలి. ఇంటికి ఇద్దరు మనుషులు, ఒక కాగితం. ఒకే మాట ఇద్దరి కాగితాల్లోనూ ఉంటే రెండు చోట్లా కొట్టేస్తారు. మిగిలిన మాటకు ఒక మార్కు.

ఆ ఏడాది కొత్తగా ఒక సంగతి చేరింది. చివరి ఆట గెలిచిన ఇల్లు కాలనీ తరఫున కమ్యూనిటీ హాల్లో మిగతా కాలనీలతో ఆడుతుంది. వేదిక ఎక్కేముందు మైకులో కలం పట్టే మనిషి పేరు, తండ్రి పేరు, స్వస్థలం చదువుతారు. ఢిల్లీలో నలుగురి ముందు నాన్నగారి పేరు వినిపించాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఇక నా మనసు ఒక చోట నిలవలేదు. బస్సులో నిలబడి దుకాణాల బోర్డుల్లో వి, డబ్ల్యూ, కె వెతికేవాణ్ణి. దిగవలసిన స్టాపు దాటిపోయేది. ఆఫీసులో ఫైలు తెరిస్తే అర్థం ఎక్కేది కాదు, అక్షరాలే కనిపించేవి. డిక్షనరీ మొదటి అక్షరాన్ని బట్టి నడుస్తుంది; మాట మధ్యలో జడ్ ఎక్కడుందో అది చెప్పదు. అందుకని ఇంట్లో ఉన్న ఒకే ఒక చిన్న డిక్షనరీని సంచీలో పెట్టుకుని తిరుగుతూ, మొదటి పుట నుంచి చదువుతూ, అరుదైన అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో పుట కేటాయించి నోటుబుక్కు నింపాను. అన్నం ముందు కూర్చుని కూడా పెదవులు కదిపేవాణ్ణట. "కాస్త చల్లారకముందు తినండి, ఆ జడ్డు ఎక్కడికీ పోదు" అనేది మా ఆవిడ.

నా జోడీ మా అమ్మాయి. దానికి పదకొండేళ్ళు. పెద్దవాళ్ళు అడిగితే తప్ప పిల్లలు నోరు విప్పకూడదన్నది మా ఇంటి కట్టడి. తాతగారి ముందు మా నాన్నగారు నలభయ్యో ఏట కూడా అడగందే మాట్లాడేవారు కాదు. ఆ కట్టడిని నేను ఢిల్లీలోనూ సడలించలేదు. ఆటలో కలం నాది. అమ్మాయి పక్కన కూర్చునేది.

చివరి ఆట రెండు గుమ్మాల అవతలి వరంగల్ ఆయనతో పడింది. వేరే శాఖలో ఆయనా క్లర్కే. ఆయన జోడీ వాళ్ళబ్బాయి, మా అమ్మాయి క్లాసువాడు.

"దొరవారూ, నిలువుగ కూసున్నరు, ఇవాళ మమ్ముల వదిలెటట్టు లేరు" అన్నాడాయన, కాయ ఒలుస్తూ.

"ఆట తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

హెడ్మాస్టరు చీటీలు విప్పాడు. జె, యు, వై.

జె పుట నాకు కంఠతా వచ్చు. జ్యూరీ, ఇంజురీ, పెర్జురీ, జస్టిఫై, జుడీషియరీ, జర్నీ. కలం పరిగెత్తింది. అమ్మాయి నా శాలువా కొస లాగింది.

"నాన్నగారూ, సునియే నా..."

"ఆగమ్మా."

"ఏక్ మినిట్, నాన్నగారూ, నాకు రెండు..."

"రాస్తుంటే మాట్లాడకూడదని చెప్పానా లేదా?"

అది శాలువా వదిలేసింది. అటు పక్క తండ్రీకొడుకులు కాగితం మీద తలలు ఆనించి గుసగుసలాడుకుంటున్నారు. కొడుకు ఏదో అంటే తండ్రి పకపకా నవ్వి రాసుకున్నాడు.

"టైమ్ ఖతమ్! కలమ్ నీచే!"

హెడ్మాస్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివాడు. జ్యూరీ, ఇద్దరిదీ, కొట్టివేత. ఇంజురీ, కొట్టివేత. జస్టిఫై, జుడీషియరీ, జర్నీ, అన్నీ కొట్టివేత. ఇద్దరు గుమాస్తాలకు ఫైళ్ళు నేర్పిన మాటలు ఒకటే. నాకు పెర్జురీ ఒక్కటి మిగిలింది. వాళ్ళకు మిగిలినవి రెండు: జ్యూసీ, జంపీ. కుర్రవాడు చెప్పిన మాటలు.

"నీవేవమ్మా ఆ రెండూ?" అని అడిగాను, మెట్లు ఎక్కుతూ.

"జంపీ. ఔర్ జాంటీ" అంది, నా వైపు చూడకుండా. జాంటీ వాళ్ళ కాగితంలో లేదు. దాన్ని చెప్పనిస్తే జంపీ రెండు చోట్లా కొట్టుకుపోయి, వాళ్ళ ఒకటికి మా రెండుతో ఆట మాదయ్యేది.

తరువాతి ఆదివారం కాగితం తీసి, "రా, ఆడదాం" అంటే, "ఆప్ హీ లిఖియే, మీరే రాసుకోండి" అని లోపలికి పోయింది. నెల తిరక్కముందే మా ఆవిడ చెప్పింది: "మీరు డిక్షనరీ సంచీలో వేసుకుపోతారు. అమ్మాయి ఆ వరంగల్ వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని వాళ్ళది చూసుకుంటోందండీ. పాపం, వాళ్ళావిడ రోజూ పాలు కూడా ఇస్తోంది."

ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. బ్లాకు చుట్టూ మూడుసార్లు తిరిగాను. వరంగల్ ఆయన గుమ్మంలో నిలబడి, "మీ బిడ్డ మస్తు తెలివిగల్లది, సార్. మావోనికి మాటలు అదే నేర్పుతాంది" అన్నాడు. ఎగతాళి లేదు. ఉంటే బాగుండుననిపించింది.

శనివారం పుస్తకాల దుకాణాలుండే నయీ సడక్‌కు వెళ్ళి రెండు సంపుటాల పెద్ద డిక్షనరీ, కొత్తది, కొని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అమ్మాయి రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు బడి నుంచి వచ్చి, సంచీ భుజాన ఉండగానే తెరిచింది. కలం కూడా దానికే ఇచ్చాను. అడగకుండానే మాట్లాడమన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా సేపు పట్టింది.

మరుసటి చలికాలం మా ఇల్లు గెలిచింది. కమ్యూనిటీ హాల్లో మైకు ముందుకు అమ్మాయి వెళ్ళింది. దాని పేరు చదివారు, తండ్రి పేరని నా పేరు చదివారు, స్వస్థలం ఢిల్లీ అని దానంతటదే రాయించుకుంది. మొదటి విడతలోనే ఓడిపోయాం.

డిక్షనరీ కొన్న శనివారం పొద్దున నేను వెండి దుకాణాల వీధి దరీబాలో అమ్మినవి మా నాయనమ్మ వెండి పన్నీరుబుడ్డి, దాని జత గంధం గిన్నె.