మాస్టారు గీసిన సున్నపు గీత

మా పటమట వీధి డ్రాయింగు మాస్టారు పోయి ఇరవై రోజులైంది. ఆ పొద్దున నేను తులసికోటకు నీళ్లు పోస్తుంటే ఎదురింటావిడ వచ్చి చెప్పింది. గుండెపోటట.

ఆయన మాకు బంధువు కాదు. హైస్కూల్లో బొమ్మలు నేర్పి రిటైరై, అక్కగారితో కలిసి మా పక్కింట్లో ఉండేవారు. అక్కగారికి మోకాళ్ల నొప్పులు. నిరుడు రామాలయానికి వెళుతూ మోటారు సైకిలు తగిలి పడ్డారు. దెబ్బ చిన్నదే, కానీ ఆ తర్వాత ఒంటరిగా గేటు దాటలేదు. "ఆవిడ మళ్లీ గుడిదాకా తనంతట తాను నడవాలమ్మా" అనేవారు మాస్టారు. ఆయన కోరిక అంతే.

ఒక ఆదివారం వీధికి రెండు వైపులా సున్నంతో గీతలు గీశారు. గోడవైపు నడిచేవాళ్లకు, నడుమ సైకిళ్లూ కార్లూ కలిసి మెల్లగా. "వీధిని కారుతో కొలవకూడదమ్మా, చేతికర్రతో కొలవాలి" అన్నారు. నడిచేవాళ్లకూ వీధిలో వాటా ఉందని నాకు తెలిసింది ఆయన వల్లే. అడ్డమల్లా, కారు ఎక్కించడానికి ప్రతి ఇంటివాళ్లూ వీధిలోకి పోయించుకున్న సిమెంటు ర్యాంపులు. వాటిని గేటు లోపలికి జరపాలి. అందరూ సరేనన్నారు.

అప్పుడు నోరు జారింది నేనే.

"మూఢంలో గుమ్మం ముందు పలుగు వేస్తారా మాస్టారూ? అది వెళ్లనివ్వండి."

"బండ్లకు మూఢం లేదు కదమ్మా!" అని నవ్వారు.

ఎప్పుడూ గొంతెత్తని నేను అన్నాననేమో, వీధంతా ఆ మాటే పట్టుకుంది. మర్నాడు ఆయన తన ర్యాంపు ఒక్కటే పగలగొట్టించుకున్నారు. మూఢం వెళ్లింది. ముహూర్తాలొచ్చాయి, వీధిలో పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ అయ్యాయి. ర్యాంపు మాత్రం ఒక్కటీ కదల్లేదు. "ముందు ఎదురింటాయన్ని తియ్యమను, చూద్దాం" అంటారు మావారు. ఎదురింటాయనా మావారి మీద అదే మాట పెడతారు. నాకు విసుగెత్తిపోయింది.

మాస్టారు ఎవర్నీ నిష్ఠూరమాడలేదు. వాన వెలిసినప్పుడల్లా సున్నం డబ్బాతో వచ్చి, చెరిగిన గీతను మళ్లీ గీసేవారు. మా ర్యాంపు దగ్గరకొచ్చేసరికి గీతను రోడ్డు మీదికి వంపు తిప్పేవారు. ఆ వంపు చూస్తే ఒళ్లు మండేది, ఆయన మీద కాదు. పూజలో కూర్చున్నా అదే కళ్లలో మెదిలేది.

పెద్దకర్మ అయ్యాక, మొన్న సాయంత్రం అక్కగారు మందుల షాపుకని బయటికొచ్చారు. నేను తోడు వెళ్లాను. తమ ఇంటి ముందు నాలుగడుగులు గోడ పట్టుకుని బాగానే నడిచారు. మా ర్యాంపు రాగానే ఆగిపోయారు. అక్కడ రోడ్డు మీదికి దిగాలి.

"నువ్వు ముందు దిగమ్మాయ్. నిన్నైతే చూస్తారు" అన్నారు.

మోటారు సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మా గేటు ముందే ఆవిడ చెయ్యి పట్టుకుని, కాస్త సందు దొరుకుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.