చీకటమ్మ కూతురి చూపు

ఆమెకు చీకటమ్మ అని పేరు పెట్టింది చూపు పరీక్షలకు వచ్చే కాలేజీ కుర్రాళ్ళు. ఆ పేరు విని కోపం తెచ్చుకోవాలంటే ఓపిక ఉండాలి. ఆమె దగ్గర ఓపిక తప్ప అన్నీ ఉన్నాయి: నడుంనొప్పి, అరిగిన చెప్పులు, సోమవారం ఉద్యోగంలో చేరబోతున్న కూతురు. అందుకని పిలిస్తే పలికేది. కొన్నాళ్ళకు డాక్టరుగారు కూడా నోరు జారి అలాగే పిలిచి, నాలిక కరుచుకుని, ఆ తర్వాత ఆ పేరే ఖాయం చేసుకున్నారు.

డాక్టరుగారంటే మందులిచ్చే డాక్టరు కాదు. వెలుతురు మీద పరిశోధన చేసి ఆ పట్టా తెచ్చుకున్న మనిషి. ఆయన ప్రయోగశాలకు రాత్రిపూట చూపించే కళ్ళద్దాలు తయారుచేసే కంపెనీ ఒకటి పని అప్పగించింది. తమ అద్దాల గొప్ప చెప్పుకోవాలంటే ముందు ఉత్త కంటి సత్తా ఎంతో తేలాలి కదా! అది తేల్చే గది చీకటమ్మది. గోడలు నలుపు, కప్పు నలుపు, తలుపుకి రెండు వరసల నల్ల తెరలు. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కళ్ళు జిగేల్మనేలా ఒక దీపం చూపించి ఆర్పేయాలి. ఆ తర్వాత కళ్ళు చీకటికి అలవాటుపడే కొద్దీ గోడ మీద చుక్కంత వెలుతురు వేస్తూ పోవాలి. కనిపిస్తే వాళ్ళు మీట నొక్కుతారు. నొక్కితే ఆమె వెలుతురు ఇంకాస్త తగ్గిస్తుంది. మధ్యలో వాళ్ళు కునుకు తీయకుండా ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం చదువుతున్నారు అని కబుర్లు చెప్పించాలి.

వచ్చినవాళ్ళు ఒకసారి కూర్చుని వెళ్ళిపోతారు. ఆమె మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులోనే. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెడిపోకూడదని టీకి బయటికొచ్చినా ఎర్రద్దాలు పెట్టుకునే ఉండాలి. ఆ అద్దాల్లోంచి చూస్తే టీ నల్లగా కనిపిస్తుంది, పలకరించే మనుషులందరూ పాలిపోయి కనిపిస్తారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎండ మొహం చూసింది సెలవుల్లోనే. ప్రాణం ఉసూరుమంటూ ఇల్లు చేరగానే ఆమె చేసే మొదటి పని, ఉన్న లైట్లన్నీ వేసెయ్యడం. వంటింట్లో లైటు, వసారాలో లైటు, స్నానాల గదిలో లైటు. పడుకున్నా ఒకటి వెలుగుతూనే ఉండాలి. కరెంటువాళ్ళు తన పేరు చెప్పుకుని బతుకుతున్నారని తనే నవ్వేది.

భర్త పోయాక ఇంట్లో ఉన్నది తనూ కూతురూ. కూతురు హుషారైన పిల్ల, కానీ ఎక్కడ ఏది అడ్డం ఉంటే దాన్ని గుద్దుకుంటుంది. ఒకసారి సినిమాకి ఆలస్యంగా వెళ్ళి, ఖాళీ కుర్చీ అనుకుని ఎవరో పెద్దాయన ఒళ్ళో కూర్చుంది. ఆ కథ చెప్పుకుని చుట్టాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "కళ్ళు నెత్తి మీద పెట్టుకుని నడుస్తావేమే!" అని చీకటమ్మ తిట్టని వారం లేదు.

ఆ పిల్లే కారు నేర్చుకుంది. రోజూ పొద్దున్నే నేర్చుకుని, పట్టపగలు పరీక్ష ఇచ్చి, మొదటిసారే గట్టెక్కింది. ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే నడిపే టాక్సీ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి రాత్రి డ్యూటీ. యూనిఫాం ఇస్త్రీ చేయించి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. ఆ సోమవారం నుంచే చీకటమ్మ పని మానేస్తానని డాక్టరుగారికి చెప్పేసింది. ఇంక చాలు, ఒళ్ళు హూనమైపోయింది, పిల్ల జీతంతో ఇల్లు గడుస్తుంది, కొన్నాళ్ళు ఎండలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటానంది.

శుక్రవారం చివరి పరీక్షకు రావాల్సిన కుర్రాడు జ్వరమని రాలేదు. డాక్టరుగారు తల పట్టుకున్నారు.

"ఒక్క మనిషి తగ్గితే లెక్క పూర్తి కాదమ్మా. మీ అమ్మాయి ఖాళీగా ఉందా?"

కూతురు ఎగిరి గంతేసి వచ్చింది. అమ్మ రోజంతా ఏం చేస్తుందో చూడాలని దానికి చిన్నప్పటి నుంచీ సరదా.

"వెలుతురు కనిపిస్తే నొక్కాలి, అంతేగా?"

"అంతే. నిద్రపోయావంటే వీపు మోగిపోతుంది."

దీపం ఆరింది. మొదట్లో పిల్ల టకటకా నొక్కింది. చీకటమ్మ వెలుతురు తగ్గిస్తూ పోయింది. కాసేపటికి అందరికీ చూపు ఉన్నట్టుండి పదునెక్కుతుంది, అప్పటిదాకా కనిపించనివి కనిపించడం మొదలవుతాయి. ఆ ఘడియ కోసం ఆమె కాచుకుని కూర్చుంది. అది రాలేదు. మీట చప్పుడే ఆగిపోయింది.

"ఏమే, నిద్రపోయావా?"

"లేదమ్మా. నువ్వు వెయ్యి, నొక్కుతా."

"వేశానుగా!"

"ఎక్కడ?"

"ఆటలాడకు. నాకవతల బోలెడు పనుంది."

"ఒట్టు. ఏమీ లేదు."

బల్బు పోయిందేమోనని గోడ వైపు చూసింది. చుక్క నిక్షేపంగా వెలుగుతోంది. కాస్త పెంచింది. ఇంకాస్త పెంచింది. ఇంతమందిని కూర్చోబెట్టిన గదిలో, ఎప్పుడూ పెంచనంత వెలుతురు పెంచితే గానీ మీట చప్పుడు వినిపించలేదు. మళ్ళీ తగ్గించింది. మళ్ళీ నిశ్శబ్దం. ఆమె తల తిప్పి కూతుర్ని చూసింది. ఆ చీకట్లో ఆమెకు మనిషి ఆకారం బూడిదరంగులో ఆనుతుంది. పిల్ల నవ్వుతూ ఏదో చెబుతోంది. అమ్మ ఉన్నది కుడిపక్కనైతే, అది ఎడమవైపు తలుపుకేసి తిరిగి చెబుతోంది. 

కూతుర్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికెళ్ళింది. ఎప్పుడెప్పుడు ఎంత తక్కువ వెలుతురు కంటికి ఆనిందో డాక్టరుగారు గీత గీసి చూపించారు. అందరి గీతా ఒక చోట విరిగి కిందికి దిగుతుంది. దీనిది దిగలేదు.

"రేచీకటి అనుకుంటానమ్మా. పుట్టుకతోనే ఉండొచ్చు. కంటి డాక్టరుకు చూపించండి, నేను చెప్పేది కాదు. మన లెక్కలోంచి తీసేస్తాను, మనకు మామూలు కళ్ళే కావాలి. బయట ఎవరికీ చెప్పను, అది మీ ఇంటి విషయం."

ఎవరికీ చెప్పరు. ఆ మాట పట్టుకుని ఆమె వసారాలో కాసేపు గోడకానుకుని నిలబడిపోయింది. టాక్సీ కంపెనీవాళ్ళు ఈ పరీక్ష అడగలేదు. వీధుల్లో లైట్లుంటాయి, బండికి లైట్లుంటాయి. ఇన్నేళ్ళూ తెలియనిది ఇంకొన్నాళ్ళు తెలియకపోతే ఏం మునిగిపోతుంది? ఒక్కసారి ఎండలో కూర్చోవాలని ఆమెకు ఏడుపొచ్చేంత కోరికగా ఉంది. పరాయివాళ్ళ కళ్ళన్నీ కొలిచి, కన్నబిడ్డ కళ్ళు కొలవలేకపోయిందని తన మీద తనకు అసహ్యం కూడా వేసింది. ఏం చూస్తుంది మరి, ఇంట్లో చీకటిని గడప తొక్కనిస్తేగా!

వెళ్ళి బెంచీ మీద కూతురి పక్కన కూలబడింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. దాచకుండా చెప్పేసింది.

కూతురు నవ్వింది. "చీకట్లో ఎవరికి మాత్రం కనిపిస్తుందమ్మా?"

"కనిపిస్తుంది."

"ఏం కనిపిస్తుంది? చీకటి కదా!"

"రంగులు తెలీవు. ముక్కూ మొహం స్పష్టంగా ఉండవు. కానీ మనిషి నిలబడితే తెలుస్తుంది. కుర్చీ ఉంటే తెలుస్తుంది."

"నీకా?"

"అందరికీనే."

పిల్ల నవ్వు ఆగింది. "మరి మనింట్లో లైట్లన్నీ ఎందుకేస్తావు? నీకూ కనిపించకే అనుకున్నాను. అందరికీ అంతే అనుకున్నాను."

చీకటమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

"బండికి లైట్లుంటాయిగా అమ్మా," అంది పిల్ల, గొంతు తగ్గించి.

"లైటు పడని చోట ఎవరైనా రోడ్డు దాటుతుంటే?"

"ఇంకొకరైతే చూస్తారా వాళ్ళని?"

"చాలాసార్లు చూస్తారు."

పిల్ల చేతివేళ్ళు ముడుచుకుంది. తర్వాత అడిగింది, "లోపల నేను కనిపించానా నీకు?"

"కనిపించావు."

"నీవైపే చూస్తున్నానా?"

చీకటమ్మ దాని తల దగ్గరికి లాక్కుంది. అబద్ధమాడదామనుకుంది. "లేదమ్మా," అంది.

"అయితే సోమవారం నేను వెళ్ళను కదూ."

"వెళ్ళొద్దు. ముందు కళ్ళు చూపిద్దాం, పగలు నడిపే బండేదైనా అడుగుదాం."

"మరి నువ్వు?"

డాక్టరుగారు గది తాళాలు పట్టుకుని వసారాలోకి వచ్చారు. చీకటమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి నిలబడింది, తాళాల కోసం చెయ్యి చాపింది.

"సోమవారం నేను వస్తాను సార్."