గారాచర్మా దగ్గర పిన్నికి రాసిన చలాన్

నాకు హెడ్ కానిస్టేబుల్‌గా ప్రమోషన్ వచ్చి, చలాన్ మెషీన్ చేతికిచ్చిన మూడో నెలలో మా పిన్నికి జరిమానా రాశాను. ఇప్పటికీ మా చుట్టాల పెళ్లిళ్లలో నన్ను కొత్తవాళ్లకి చూపించేటప్పుడు "సొంత పిన్నికే చలాన్ కొట్టింది, ఆ పిల్లే" అంటారు. కొందరు నవ్వుతూ అంటారు. కొందరు నవ్వరు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నేను ఒకటో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. నాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో పని చేసేవాడు, నెలలో సగం రోజులు నీళ్ల మీదే. అందుకని పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ దగ్గర పిన్ని వాళ్లింట్లోనే పెరిగాను. తాతల కాలంలో శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. బాబాయి డింగీ అనే చిన్న పడవ మీద చేపల వేటకి వెళ్లేవాడు. పిన్ని చేపలు అమ్మేది. ఇద్దరికీ చదువు లేదు. నన్ను మాత్రం తెలుగు మీడియం బడికి పంపించారు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అదే కారణం.

ఇరవై ఏళ్లపాటు పిన్ని చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. బస్సు ఎక్కితే పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకునేవారు. ఒకసారి కండక్టర్ దింపేశాడు కూడా. ఆ రోజు ఇంటికొచ్చి బాబాయితో "నాకో బండి కావాల" అంది. నెల తిరిగేసరికి సెకండ్‌హ్యాండ్ స్కూటర్ వచ్చింది. రేవు పక్కనున్న ఖాళీ జాగాలో రెండు సాయంత్రాల్లో నేర్చుకుంది. వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది నేనే. మూడో రోజు ముందొక ప్లాస్టిక్ ట్రే, వెనకొక ట్రే కట్టుకుని గారాచర్మా వైపు బేరానికి వెళ్లిపోయింది.

లైసెన్స్ సంగతి నేను ఎత్తకపోలేదు. "సూద్దాంలే" అనేది. ఆఫీసు, ఫారం, ఫోటో అంటే ఆమెకి భయం. హెల్మెట్ సంగతి ఎత్తితే కోపం.

"ఇరవయ్యేళ్లు బుట్ట మోసిన తల ఇది. ఇంక దీని మీద ఏటీ పెట్టను."

తర్వాత నాకు పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష వచ్చినప్పుడు, రోజూ తెల్లవారుజామున గ్రౌండ్‌కి నన్ను దింపింది ఆ స్కూటర్ మీదే. ఉద్యోగం వచ్చింది. ట్రాఫిక్‌లో వేశారు. పెళ్లయి క్వార్టర్స్‌కి మారాను. అప్పటినుంచి పిన్ని రోజూ ఉదయం ఫోన్ చేసేది. తిన్నావా, పిల్లకి జ్వరం తగ్గిందా అని అడిగి, చివర్లో "ఇయ్యాల ఎక్కడే నీ డ్యూటీ?" అనేది. నేను చెప్పేదాన్ని. ఎండలో నిలబడతానని బెంగ కాబోలు అనుకునేదాన్ని. ఆమె ఆ వైపు రాకుండా దారి మార్చుకుంటోందని ఏడాది తర్వాత ఒకరోజు అర్థమైంది. అర్థమయ్యాక కూడా చెప్పడం మానలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు ఉదయం డెలానిపూర్ అని చెప్పాను. నిజంగానే డెలానిపూర్. డ్యూటీకి వెళ్లాక ఆర్డర్ మారింది. గారాచర్మా దగ్గర బళ్లు ఆపి చెక్ చేయమన్నారు. మా ఎస్సై సాబ్, ఇద్దరు కానిస్టేబుళ్లు, నేను. పిన్ని గుర్తొచ్చింది. ఫోన్ తీశాను. చెయ్యాలా వద్దా అనుకుంటూ ఉండగానే మొదటి బండి ఆగింది. ఫోన్ జేబులో పెట్టేశాను.

పదిన్నర ప్రాంతంలో ఒక బెంగాలీ తాపీమేస్త్రీ, ఆయన భార్య బైక్ మీద వచ్చారు. ఆయన తలకి హెల్మెట్ ఉంది, ఆవిడకి లేదు. డిగ్లీపూర్ నుంచి ముందురోజు బస్సులో వచ్చారట. బైక్ చుట్టాలది. ఆవిడని ఆసుపత్రిలో చూపించి తిరిగి వెళ్తున్నారు. చేతిలో ఎక్స్‌రే కవరు ఉంది.

"దీదీ, ఈసారికి వదిలెయ్యండి" అని హిందీలో బతిమాలాడు మేస్త్రీ.

రూల్ రూలే భయ్యా అన్నాను. మెషీన్‌లో నెంబరు కొట్టాను. ఆయన తల దించుకుని సంతకం పెట్టాడు. ఆవిడ మాత్రం నన్నే చూస్తూ నిలబడింది. సరిగ్గా అప్పుడు మలుపు తిరిగి పిన్ని స్కూటర్ వచ్చింది.

కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. పిన్ని ఆపింది. నన్ను చూసి ముందు నవ్వింది. ఆ నవ్వు మెల్లగా పోయింది.

"ఏటే ఇది? డెలానిపూర్ అని సెప్పి ఇక్కడ నిలబడతావేటే?" అంది, అందరికీ వినబడేలా.

ఎస్సై సాబ్‌కి తెలుగు రాదు. కానీ పక్కనున్న కానిస్టేబుల్‌ది మా వీధే. అతను నేల చూపులు చూశాడు. నా చెవులు వేడెక్కిపోయాయి.

"మీ వాళ్లా?" అని అడిగారు సాబ్.

"మా పిన్ని సర్. నన్ను పెంచింది."

ఆయన "జానే దో" అన్నారు, వదిలెయ్ అని. మంచి మనసుతోనే అన్నారు. నేను తల తిప్పి చూశాను. మేస్త్రీ భార్య ఎక్స్‌రే కవరు గుండెకి ఆనించుకుని ఇంకా అక్కడే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే నాకు సులువయ్యేదేమో.

"నహీ సర్" అన్నాను.

పిన్ని దగ్గరికి వెళ్లి, మిగతావాళ్లని అడిగినట్టే లైసెన్స్ అడిగాను.

"నాకు లేదని నీకు తెల్దా?"

"తెలుసు పిన్నీ."

"మరి అడుగుతావేటి?"

స్కూటర్ నెంబరు కొట్టాను, ఫోటో తీశాను. హెల్మెట్ లేనందుకు ఒకటి, లైసెన్స్ లేనందుకు ఒకటి. రెండూ కలిస్తే ఆమె వారం రోజుల బేరం పోతుంది. అలవాటు ప్రకారం మెషీన్ ముందుకి చాపి "ఇక్కడ సంతకం" అన్నాను. పిన్ని మెషీన్ వైపు చూసింది, నా వైపు చూసింది. వేలితో ఒక గీత గీసి మొహం తిప్పుకుంది.

లైసెన్స్ లేని మనిషి బండి నడుపుకుంటూ వెళ్లడానికి వీల్లేదు. మా తమ్ముడు, అంటే పిన్ని పెద్దకొడుకు, పని నుంచి వచ్చి తీసుకెళ్లాలి. అతను రావడానికి గంట పడుతుంది. ట్రేలో చేపలున్నాయి, ఎండ మండిపోతోంది. పిన్ని కాసేపు రోడ్డు పక్కన నిలబడింది. తర్వాత ట్రే కిందికి దించి, గోనెపట్టా పరిచి, తక్కెడ తీసింది.

"సుర్మయీ, తాజా మాల్!" అని గట్టిగా అరిచింది. వంజరం చేపని ఇక్కడ సుర్మయీ అంటారు.

చలాన్ రాయించుకుని నిలబడ్డ వాళ్లంతా తిరిగి చూశారు. ఒక ఆటో డ్రైవర్ మొదట వచ్చాడు. తర్వాత ఇంకొకరు. మేస్త్రీ భార్య కూడా వచ్చి ధర అడిగింది. పిన్ని ఆవిడ చేతిలో కవరు చూసి ఏమైందని అడిగింది. ఆవిడ నడుం చూపించింది. పిన్ని మంచి ముక్క కోసి, పక్కనుంచి రెండు చిన్న చేపలు ఊరికే వేసి ఇచ్చింది. మా కానిస్టేబుల్ కూడా కొన్నాడు. ఆఖరికి నేను కూడా దగ్గరికి వెళ్లాను.

"నీకు లేదు" అంది, తల ఎత్తకుండా.

గంటలో ట్రే ఖాళీ అయ్యింది. తమ్ముడు వచ్చి స్కూటర్ తీశాడు. పిన్ని వెనక కూర్చుని వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం ఫోన్ రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. నేను చేస్తే బాబాయి ఎత్తేవాడు. "పనిలో ఉందమ్మా" అనేవాడు. ఒకసారి మాత్రం గొంతు తగ్గించి, "నువ్వు రాసింది తప్పని నాను అన్ను. కానీ అది అన్నం సరిగ్గా తిన్లేదే" అన్నాడు. చలాన్ డబ్బు నేను కడతానని చెప్పి పంపాను. అప్పటికే తనే కట్టేసిందట. పన్నెండు రోజులు అలా గడిచాయి. డ్యూటీలో స్కూటర్ మీద చేపల ట్రే కనబడితే చాలు, నడిపేది ఆమేనా అని చూసేదాన్ని.

ఆదివారం సాయంత్రం నేనే వెళ్లాను. పిన్ని గుమ్మం ముందు కూర్చుని కత్తిపీట మీద చేపలు కోస్తోంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పొలుసులు ఎగిరి నా చేతి మీద పడుతున్నాయి.

"ఆర్డర్ మారింది పిన్నీ. నీకు అబద్ధం చెప్పలేదు."

"మారితే ఫోన్ సెయ్యొచ్చు గదా."

"చెయ్యబోయాను. చెయ్యకూడదనిపించింది. అసలు రోజూ నీకు చెప్పడమే తప్పు. ఇంక చెప్పను."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"రాసుకుంటే రాసుకున్నావు. నాకు దాని బాధ లేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ అంతమంది ముందు నన్ను సంతకం అడిగినావు. నాకు అచ్చరం ముక్క రాదని లోకంలో ఎవలకి తెలీకపోయినా నీకు తెలుసు."

నా బడి పుస్తకాలకి అట్టలు వేసి, పేరు రాయడానికి మాత్రం పక్కింటి మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లిన మనిషి. వందమందిని అడిగే మాట ఆమెనీ అడిగాను, నోరు జారినంత తేలిగ్గా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిన్ని చూసింది.

"ఏడవకు. పోలీసోళ్లు ఏడిస్తే బాగోదు" అంది.

ఆ రాత్రి అక్కడే తిన్నాను. చెయ్యి కడుక్కుంటుండగా వెనకనుంచి అడిగింది, "ఆ లైసెన్స్ పరీచ్చ ఎలగుంటాదే?"

కంప్యూటర్ మీద ఉంటుందని, ప్రశ్నలు హిందీలో చదివి వినిపిస్తారని, జవాబు నెంబరు నొక్కితే చాలని చెప్పాను. అంకెలు ఆమెకి బాగా వచ్చు. మిగిలింది రోడ్డు గుర్తులు.

సెలవు రోజుల్లో పాత క్యాలెండర్ కాగితాల వెనక గుర్తులు గీసి పట్టుకెళ్లేదాన్ని. ముందు సిగ్నల్ లైట్లతో మొదలుపెట్టాను. వాటితోనే పేచీ వచ్చింది.

"పడవకి ఎర్ర దీపం ఎడం పక్క, పచ్చ దీపం కుడి పక్క. సీకట్లో అది సూసే ఎదుటోడు ఎటెల్తన్నాడో సెప్తాము. ఇక్కడేటి, రెండూ ఒకే స్తంబానికి కట్టీసినారు?"

"ఇక్కడ ఎరుపంటే ఆగడం పిన్నీ."

"సముద్రంలో ఎవలాగుతారు?" అంది. బాబాయి మంచం మీద పడి పడి నవ్వాడు.

గుర్తులతోపాటు ఆమె పేరు కూడా రాయించాను. మూడు అక్షరాలు. మొదటిది సులువుగానే వచ్చింది. రెండోదానికి ఒత్తు ఉంది. ఆ ఒత్తు దగ్గర పలక మీద ఎన్ని సార్లు చెరిపిందో లెక్క లేదు. వేళ్లకి చేప ముళ్లు గుచ్చుకున్న మచ్చలు. బలపం గట్టిగా పట్టుకునేది, విరిగిపోయేది. విరిగినప్పుడల్లా నన్నే తిట్టేది.

మొదటిసారి పరీక్ష తప్పింది. వాన పడుతుంటే స్పీడు తగ్గించాలా, పెంచాలా, హారన్ కొట్టాలా అని అడిగితే, పెంచాలి అని నొక్కిందట. "తడిస్తే సరుకు పాడైపోద్ది గదా" అని నాకే నచ్చజెప్పింది. అలాంటివే ఇంకొన్ని. ఇంక వెళ్లనని రెండు వారాలు భీష్మించుకుంది. చలాన్ పడ్డప్పటినుంచి స్కూటర్ ముట్టలేదు, ఆ రెండు వారాలూ నెత్తిన బుట్ట పెట్టుకునే తిరిగింది. మోకాళ్లు వాచిపోయాయి. మూడో వారం తనే వెళ్లి డేట్ అడిగి వచ్చింది.

రెండోసారి పాసయ్యింది. నెల దాటాక గ్రౌండ్‌లో బండి నడిపి చూపించే పరీక్ష. ఆ రోజు నేను కావాలనే అటువైపు వెళ్లలేదు. యూనిఫాంలో వెళ్తే నా మొహం చూసి పాస్ చేశారంటారు. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటే రెండుసార్లు తిప్పిందట. ఒకసారి చాలమ్మా అని ఇన్‌స్పెక్టర్ అన్నా ఆగలేదట. తర్వాత సంతకం పెట్టమన్నారు. ఒత్తు దగ్గర కాస్త ఆగి పెట్టిందట. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు తొందరపడితే, "రుకో భయ్యా, రాస్తన్నాను గదా" అందట.

అయితే అంతటితో అంతా మునుపటిలా అయిపోయిందని చెప్పను. పొద్దున్నే వచ్చే ఫోన్ మళ్లీ మొదలైంది కానీ, మాటలు తగ్గాయి. నేను పిన్ని ఇంటికి యూనిఫాంలో వెళ్తే కుర్చీ వేస్తుంది. ముందు వేసేది కాదు, కింద చాప మీదే కూర్చునేదాన్ని. ఆ కుర్చీ నాకు కష్టంగానే ఉంటుంది. కూర్చుంటాను.

ఆ చలాన్ రాయకుండా ఉండాల్సిందా అని కొందరు నన్ను అడిగారు. నన్ను నేనూ అడిగాను. ఎన్నిసార్లు ఆలోచించినా, ఆ ఎక్స్‌రే కవరు పట్టుకున్న మనిషి ఎదుట నేను ఇంకోలా చేసేదాన్ని కాదు. సంతకం మాత్రం అడక్కుండా ఉండాల్సింది. చదువొచ్చా, వేలిముద్ర వేస్తారా అని గొంతు తగ్గించి అడగడానికి నాకు అర నిమిషం పట్టేది. ఇప్పుడు ఎవరినైనా అలాగే అడుగుతున్నాను.

లైసెన్స్ కార్డు వచ్చిన వారం పిన్ని వండూర్ వెళ్దామంది. అక్కడి పడవల దగ్గర సరుకు చవగ్గా దొరుకుతుందని ఎవరో చెప్పారట. స్కూటర్ మీద అంత దూరం ఆమె ఎప్పుడూ పోలేదు. నేను నా బండి మీద, ఆమె తన స్కూటర్ మీద. బాబాయిని వెనక ఎక్కమంది. తను హెల్మెట్ పెట్టుకుని, బాబాయికి కూడా ఒకటి పెట్టింది. పట్టీ బిగించడం రాక ఆయన గడ్డం కింద ముడేసుకోబోతే, చేతిమీద ఒక్కటి చరిచి తనే బిగించింది. తుఫాన్లలో డింగీ నడిపిన మనిషి, గారాచర్మా దాటాక మొదటి మలుపులో రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పిన్ని అద్దంలో ఆయన్ని చూసి, ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చింది.