లోపల చెయ్యి పెట్టి చూసే మనిషి

మా పెదనాన్న పైకి కనిపించేదేదీ నమ్మేవాడు కాదు. జీవితమంతా మిర్చి పండించాడు. యార్డులో పైన ఎర్రటి కాయలు పోసి, అడుగున తెల్లబడ్డ తాలుకాయలు దాచిన టిక్కీ బస్తాలు ఎన్ని చూశాడో, ఏ బస్తా కనబడినా మోచేతిదాకా చెయ్యి దూర్చి చూడందే మాట్లాడేవాడు కాదు.

కంటి ఆపరేషన్‌కని దర్శి నుంచి మంగళగిరిలో మా ఇంటికి వచ్చినప్పుడే మా ఫ్రీజర్ ఐసు కట్టడం మానేసింది. చీరాల నుంచి తెప్పించిన రొయ్యలు కుళ్లిపోతే పారబోశాం. మెకానిక్ వచ్చి, చల్లగాలి వచ్చే కన్నాలకు అడ్డంగా ఉన్న ఎండుమిర్చి సంచులు బయటికి లాగాడు. రంగు పోకుండా ఉంటాయని పెదనాన్న కుక్కినవే అవి.

"రేపటిదాకా తలుపు తియ్యబాకండి, అదే చల్లబడుద్ది" అని చెప్పి వెళ్లాడు మెకానిక్.

అతను గేటు దాటాడో లేదో, పెదనాన్న తలుపు తీసి చెయ్యి పెట్టాడు. కాఫీ తాగి మళ్లీ పెట్టాడు. స్నానం చేసొచ్చి మళ్లీ.

"బయట తలుపు మీద డిగ్రీల అంకె కనపడతానే ఉంది కదా పెదనాన్నా!"

"పైన చూస్తే ఏం తెలుస్తదిరా? లోపల చూడాల."

సాయంత్రం వంటింట్లోకి వెళ్తే తలుపు బార్లా తెరిచి, అరలో చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇట్లా చూస్తా ఉంటే వచ్చే పంటకి కూడా చల్లబడదు! ముందు ఆ తలుపు ముయ్యి!" అని అరిచాను.

మూశాడు. "ఎందుకురా అంత కోపం? జొరం గానీ వచ్చిందా?" అంటూ దగ్గరికొచ్చి నా మెడ మీద చెయ్యి వేశాడు.

ఉలిక్కిపడ్డాను. ఫ్రీజర్ చల్లదనమంతా ఆ చేతిలోనే ఉంది.