బోయిగూడ లైన్‌మన్ మాట

సికింద్రాబాదు స్టేషన్లో దిగేసరికి వాన. పోలీసు చర్య ముగిసి నెల కాలేదు. సైన్యం టెలిఫోన్ విభాగంలో డ్యూటీకి వచ్చాను. నా దగ్గరున్నవి: పరుపుచుట్ట, మెస్ టిన్ను, రెండు జతల యూనిఫారం, రేడియో డిప్లొమా. లారీ నేరేడ్‌మెట్ దాకా బురదలో జారుతూ వెళ్లింది. ఒకప్పుడు గుర్రాలు కట్టిన పాకలో మా టెలిఫోన్ ఎక్స్‌చేంజి. మా గుంటూరులో అందరూ కాల్పుల గురించే అడుగుతారు. నేనక్కడ ఒక్క తూటా చప్పుడూ వినలేదు. విన్నది వేరు.

ఉత్తర్వు చిన్నది. ఉదయం ఆరు నుంచి రెండు దాకా స్విచ్‌బోర్డు దగ్గర కూర్చోవాలి. లైన్‌మన్ స్తంభం మీద నుంచి ఫోన్లో చెప్పే రిపోర్టు రాసుకోవాలి.

మా హవల్దారుది బోయిన్‌పల్లి. మొదటి రోజే చెప్పాడు: "మన లైన్‌మన్ రేపు దవాఖాన నుంచి డ్యూటీకి వస్తుండు. స్తంభం మీదికెళ్లి పడ్డడు. దవడ ఇరిగింది, నాలుక జెర తెగింది. నెల టైమిచ్చిండ్రు, అటెంక డాక్టర్ చూస్తడు. ఫోన్ల మాట సమజ్ కాకుంటే ఇంటికే."

లైన్‌మన్‌ది బోయిగూడ. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు అతని జీతం మీదే బతుకుతున్నారు.

మొదటి రిపోర్టు వచ్చింది. మూత బిగించిన డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. దవడ వంకరకు పెదాలు కలవక ప, బ, మ లు అసలు లేవు. మిగతావి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే శబ్దం.

హవల్దారు ఒక పద్ధతి పెట్టాడు. ముందు స్తంభం నంబరు, తర్వాత తీగ, తర్వాత లోపం. ఈ వరస తప్పకూడదు. సాయంత్రం లైన్‌మన్ తిరిగొచ్చాక, తను చెప్పింది పలక మీద రాసి మళ్లీ పలికేవాడు. మొదటి సాయంత్రమే వింత చూశాను. పలక చూడకముందు గోల. చూశాక అదే గోలలో మాట, అంచులతో సహా. రెండుసార్లూ అతను ఒకేలా పలికాడు.

రెండో వారంలో ఒక ఉదయం స్తంభం మీద నుంచి లైన్‌మన్ ఫోన్ చేశాడు.

"ఏం తమ్మీ, మెస్సుల ఉప్మా ఎట్లుండె?"

"గోడలకు పూసుకోవచ్చన్నా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు. వరసా లేదు, పలకా లేదు. అయినా ప్రతి మాటా తెలిసింది.

"నీ మాట బాగైంది పో," అన్నాడు హవల్దారు అతనితో. "ఇంక ఫికర్ లేదు." మేమంతా అదే నమ్మాం. గడువు పూర్తికాకముందే అతన్ని డాక్టరు దగ్గరికి పంపాడు. తోడుగా నన్ను.

డాక్టరు కెప్టెన్, బందరు వైపు మనిషి. ఊరు, డ్యూటీ చెప్పమన్నాడు. లైన్‌మన్ చెప్పాడు. నాకు ప్రతి ముక్కా తెలిసింది. డాక్టరు నా వైపు తిరిగాడు.

"ఏ భాషయ్యా అది?"

"తెలుగేనండీ."

మరో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తల అడ్డంగా ఊపి, అతన్ని ఇంటికి పంపే కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. లైన్‌మన్ నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడర్థమైంది. అతని నాలుక తెగినంత తెగే ఉంది. దవడ వంకర పోలేదు. బాగుపడింది అతని నోరు కాదు. మాకు తెలియకుండా, మా తలల్లోనే ఏదో తనను తాను సరిచేసుకుంది. ఏ కోర్సులోనూ ఈ సంగతి చెప్పలేదు.

"అరగంట ఇవ్వండి సార్," అన్నాను.

"అరగంటలో నాలుక మొలుస్తుందా?"

"లేదండీ. మీరు వింటే చాలు."

లైన్‌మన్‌ను వరండాలో ఉంచి, అక్కడి నుంచి గదిలోకి తీగ లాగి, ఆసుపత్రి స్టోరులోని రెండు ఫోన్లు కలిపాను. కొన్ని వాక్యాలు రెండు కాగితాల మీద రాసి, ఒకటి లైన్‌మన్‌కిచ్చి, ఒకటి డాక్టరు ముందు పెట్టాను. ఒక్కోటి చదవాలి, తర్వాత వినాలి. మొదట మొహం చిట్లించాడు. కాసేపటికి కనుబొమలు లేచాయి. తర్వాత, విన్నాకే కాగితం చూడమన్నాను. సగం తప్పాడు. ఆపైన తప్పులు తగ్గాయి. ఆర్డర్లీ టీ తెచ్చిపెట్టి వెళ్లాడు. ఆయన పట్టించుకోలేదు.

చివరి వాక్యం అయిపోయింది. ఆయన రిసీవర్ చెవి దగ్గరే ఉంచుకుని కాగితం చూస్తున్నాడు. వరండాలోంచి, కిటికీ గుండా చూస్తూ, లైన్‌మన్ తనంతట తానే అన్నాడు:

"డాక్టర్‌సాబ్, మీ చాయ్ సల్లగైతుంది."

డాక్టరు చెయ్యి కప్పు వైపు వెళ్లింది. దారి మధ్యలో ఆగింది. ఆయన తన చేతిని తానే చూసుకున్నాడు.

"ఇది కాగితంలో లేదు కదా?"

"లేదండీ."

డాక్టరు పక్కన పెట్టిన కాగితాలు మళ్లీ తీశాడు. మా ఎక్స్‌చేంజికి మాత్రమే రిపోర్టు చేసే షరతు మీద, లైన్‌మన్‌ను డ్యూటీలో ఉంచుతూ సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు నాకు సైన్యం నుంచి విడుదల వచ్చింది. లైన్‌మన్ స్టేషన్‌కొచ్చాడు. అతను మాట్లాడుతుంటే కూలీ వింతగా చూశాడు.

"నువ్వొచ్చిన కొత్తల నీ గుంటూరు మాట సుత నాకు గిట్లనే ఉండె తమ్మీ," అన్నాడు లైన్‌మన్. "నేనేమన్నన్నా?"

ఇప్పుడు గుంటూరులో రేడియోలు బాగుచేస్తున్నాను. స్టేషన్ దొరక్క సెట్టు గోల చేస్తుంటే, అందులోనూ మాటుందేమోనని మరమ్మతు ఆపి వింటాను. కాగితానికీ కప్పుకీ మధ్య, ఎవరూ చెప్పకుండానే బయలుదేరి, గాలిలో ఆగిపోయిన డాక్టరు చెయ్యి కనిపిస్తుంది.