ఇద్దరూ ఒక్కటైన గ్రామసభ

1997. శంషాబాద్ బస్టాండు దగ్గర నాది మైక్‌సెట్ దుకాణం. పెళ్లిళ్లకూ, బోనాలకూ, చర్చి కూటాలకూ నా హార్న్‌లే మోగేవి. రాజకీయ సభలంటేనే నాకు భయం. వద్దందామంటే పొయ్యి వెలగదు.

మా పనిలో బయటివాళ్లకు తెలియని కిటుకు ఒకటుంది. ఎవరి మాటైనా ఆపాలంటే మైకు టక్కున కట్టేయకూడదు, జనం తిరగబడతారు. గొంతును పెద్దది చేసే పెట్టె యాంప్లిఫైయర్. దాని నాబ్ ముందు పైకి తిప్పాలి. హార్న్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. అప్పుడు జనమే "ఆపవయ్యా!" అంటారు, నేను ఆపేస్తాను. తప్పు మిషన్ మీదికి పోతుంది. నాయకుడు కండువా సర్దుకుంటే ఆపమని సైగ.

అప్పటికి నాలుగేళ్ల కిందట మా వైపు నాయకుడు జంగయ్య పార్టీ అధికారంలో ఉండేది. ఆయన సైగ చేస్తే ప్రతిపక్షం యాదయ్య మైకు ఆపాను. "మాట్లాడే హక్కు లేదా?" అని యాదయ్య స్టేజి ముందు బైఠాయించాడు. ప్రభుత్వం మారింది. ఇప్పుడు సైగ యాదయ్యది, బైఠాయింపు జంగయ్యది. ఆ అరుపులు కూడా అచ్చం అవే. లోపల నవ్వొచ్చేది, పైకి మాత్రం నవ్వేవాణ్ణి కాదు. ఎవరికి కోపమొచ్చినా ఎండేది నా డొక్కే.

ఆ ఏడు మహేశ్వరం వైపు ఒక ఊళ్లో కొత్త రోడ్డు గురించి గ్రామసభ పెట్టారు. అభ్యంతరాలు అక్కడే చెప్పాలి, అధికారి రిజిస్టర్‌లో రాసుకుంటాడు. యాదయ్య స్టేజి మీద, జంగయ్య కింద జనంలో. ఇద్దరి మనుషులూ గంటసేపు ఒకరి మీదికొకరు కుర్చీలు లేపారు. గోల తగ్గాక ఆ ఊరి రైతు మరియమ్మ మైకు అందుకుంది. ఆమెకున్నది ఎకరన్నర మెట్టచెలక. రోడ్డు దాని నడుమ నుంచే పోతుంది.

"సారూ, రోడ్డు యాదన్న పొలం కాడ వంగింది. జంగన్న తోట కాడ గూడ వంగింది. నా చెలకల మాత్రం సీదా ఎట్లొచ్చింది?"

యాదయ్య కండువా సర్దుకున్నాడు. కింద జంగయ్య చెయ్యి కూడా తన కండువా మీదికి పోయింది. వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం నేను చూడటం అదే మొదలు.

నాబ్ పెంచాను. మైకు కూసింది. ఆపేశాను. "ఇనొస్తలేదు, దిగు!" అని రెండు పార్టీలవాళ్లూ కలిసే అరిచారు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. అధికారి ఒక్క ముక్క రాయకుండా రిజిస్టర్ మూసేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె దుకాణానికి వచ్చింది.

"నా నసీబు గట్లుంది అన్నా, నేను పట్టుకున్నప్పుడే నీ మిషన్ ఖరాబైంది. ఇంకో సభ పెట్టుమని అడుగుత. జర బాగుచేసి పెట్టు."

తలెత్తలేకపోయాను. "మిషన్ బాగనే ఉండె అక్కా. నేనే ఆపిన. వాళ్లిద్దరికి భయపడి."

ఆమె యాంప్లిఫైయర్ వైపు చూసి, నా వైపు తిరిగింది. తిడితే బాగుండేది.

"మరి నాకెందుకు భయపడలె?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఇంకో సభ పెట్టలేదు. రోడ్డు ఆమె చెలకలోంచే పడింది. ఆ తర్వాత మాట్లాడుతున్న మనిషి మైకు నేనెప్పుడూ ఆపలేదు. రెండు పార్టీలూ నన్ను పిలవడం మానేశాయి. నాయకులది రెండు నాల్కల ధోరణి అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. కానీ ఆమె గొంతు ఆపింది వాళ్లు కాదు, నేను.